శుక్రుడు తిరిగిన దిక్కు

ఆ రోజుల్లో నాకొచ్చిన చదువంతా ఒక్క వాక్యమే. గ్రహాలు ఒక దిక్కుకు తిరుగుతుంటే శుక్రుడు మాత్రం ఎదురు తిరుగుతాడని ఏడో తరగతిలో అయ్యవారు చెప్పారు. ఆ వారంలోనే నేను బడి మానేశాను (తప్పు శుక్రుడిది కాదు, లెక్కలది). అంత కొంచెం సరుకుతో బయటికొచ్చినవాడు దాన్ని ఎక్కడో ఒకచోట వాడకుండా ఉండలేడు కదా. నేను వాడిన చోటు ఎమ్మిగనూరులో మా మగ్గాల మామ ఇల్లు. ఎవరి మీద వాడానంటే, పాపం, నా స్నేహితుడి మీద.

మీసాలు మొలిచే వయసులో మేమిద్దరం మామ ఇంట్లో రాట్నాల ముందు కూర్చుని, నేసేవాళ్ల మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెల్లోకి పోయే నూలు కండెలు చుట్టేవాళ్లం. అందరం కుడిచేత్తో, గడియారం ముల్లు తిరిగే దిక్కున తిప్పేవాళ్లం. వాడిది ఎడమచేతివాటం. కాస్త ఏమరుపాటుగా ఉన్నాడంటే రాట్నం ఎదురు తిరిగేది. అలా చుట్టిన కండె నాడెలోకి పోతే నూలు పురి విడిపోయి పుటుక్కున తెగేది, మగ్గం మీదున్నవాళ్లు వాడి ఏడు తరాలనూ తలుచుకునేవాళ్లు. వాణ్ని మొదట శుక్రుడా అని పిలిచింది నేనే. వారం తిరిగేసరికి వీధంతా అదే పేరు. ఒకసారి వాళ్లమ్మ కూడా నోరుజారి అలాగే పిలిచింది (ఆ రోజు నేను ఎంత గర్వపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది).

చివరికి మామ విసిగిపోయాడు. సోమవారం అందరి ముందూ ఒక్క కండె సక్రమంగా చుట్టి చూపించాలనీ, లేదంటే పనిలోకి రానక్కర్లేదనీ తేల్చేశాడు. వాడికి తండ్రి లేడు. ఇంట్లో పొయ్యి వెలిగేది వాడు చుట్టే కండెల మీదే. వారం రోజులు ఎడమచేతిని తువ్వాలుతో నడుముకు కట్టుకుని కుడిచేత్తో సాధన చేశాడు. ఉరుకుంద ఈరన్నకు టెంకాయ మొక్కుకున్నాడు. సోమవారం తువ్వాలు విప్పి కూర్చున్నాడు. రాట్నం బ్రహ్మాండంగా తిరుగుతోంది, సగం కండె నిండింది, మామ తల ఊపుతున్నాడు. అంత నిశ్శబ్దం నాకెప్పుడూ పడదు (ఇప్పటికీ చావింట్లో నన్ను వెనకెక్కడో కూర్చోబెడతారు).

"శుక్రుడా, దావ తప్పినావు కదప్పా," అన్నాను.

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ నవ్వులో ఎడమచేయి తనంతట తానే వచ్చి పిడి అందుకుంది. రాట్నం వెనక్కి తిరిగి, నూలు చిక్కుపడి తెగింది. వాడు తెగిన కొసను ముడేసి, కండెను మామ ముందు పెట్టి లేచిపోయాడు. మరుసటి వారం నుంచి ఆదోని మార్కెట్లో పత్తి మూటలు మోశాడు. ఏళ్ల తరబడి మోస్తూనే ఉన్నాడు.

మొన్న తుపాను రోజుల్లో మనవరాలు ఫోనులో మేఘాల బొమ్మ చూపించింది. బంగాళాఖాతం మీద తెల్లటి సుడి గడియారానికి ఎదురు తిరుగుతోంది. ఇదీ శుక్రుడి జాతే అన్నాను, నా చదువు చూపించుకుంటూ.

"కాదు తాతా. ఉత్తరం పైనుంచి చూస్తే మన భూమి గూడ ఇట్లనే తిరుగుతాది. గడియారం మాదిరి తిరిగేది శుక్రుడు," అంది.

రెండుసార్లు చెప్పించుకున్నాను. అంటే రాట్నం ముందు భూమితో పాటు తిరిగినవాడు నా స్నేహితుడే. శుక్రుళ్లం మేమందరం.

మరునాడు పొద్దున్నే డజను అరటిపండ్లు కొనుక్కుని ఆదోని బస్సెక్కాను (నలభై ఏళ్ల తప్పుకు ఎన్ని పండ్లు చాలుతాయో తెలియలేదు). వాడు వాకిట్లో మంచం మీద ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, "రాప్పా అయ్యవారూ," అన్నాడు. భూమి, తుపాను, ఉత్తరం అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆనాడు నోరు మూసుకోవాల్సిందని కూడా చెప్పాను. వాడు చాలాసేపు నవ్వాడు. వాడి భార్య ఇద్దరికీ టీ తెస్తే వాడు కుడిచేత్తో అందుకున్నాడు. అప్పుడు చూశాను. ఎడమచేయి ఒళ్లో మడిచిపెట్టిన తువ్వాలులా పడి ఉంది. పోయిన ఏడాది పక్షవాతం వచ్చిందని ఆమె మెల్లగా చెప్పింది.

"ఇప్పుడన్నీ కుడిచేత్తోనే చేస్తాండానప్పా," అన్నాడు వాడు. "కట్టేసుకునే పని గూడ లేదు. మీ మామ ఉంటే పిలిచి పని ఇచ్చునేమో."

తలొంచుకుని టీలో చక్కెర కలుపుతున్నాను. వాడు నా చెంచా వైపు చూసి, "అటు కాదప్పా, ఎడమకు తిప్పు. లోకం అట్లనే గదా తిరిగేది," అన్నాడు.

తిప్పాను. అరవైకి దగ్గరపడ్డ ముసలాణ్ని, బడిలో కొత్తగా చేరినవాడిలా, టీ చల్లారిపోయేదాకా ఎడమకే తిప్పుతూ కూర్చున్నాను.