మామ పదిసార్లు వేయించిన చాటింపు

ఇంటర్నెట్టు గాలిలోంచి ఊడిపడుతుందని కోస్గిలో సగం మంది నమ్మే రోజులవి. మిగతా సగం మంది, అది మా మామ ఇస్తే వస్తుంది, మామకు కోపమొస్తే పోతుంది అని నమ్మేవాళ్లు. ఈ రెండో నమ్మకమంటే మామకు చాలా ఇష్టం. నా చదువు అయిపోయి, పట్నంలో ఉద్యోగం వెతుక్కుందామనుకునేసరికి కరోనా వచ్చి అన్నీ మూతపడ్డాయి. కొల్లాపూర్‌లో మా ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే, మా అమ్మ తమ్ముడైన ఈ మామ "రా కోడలా, నా ఆఫీసుల కూసో, చదివిన చదువు తుప్పు పట్టకుంట ఉంటది" అని పిలిచాడు. అలా నేను నెట్‌వర్క్ ఇంజనీరునయ్యాను. (ఇంజనీరంటే ఫోనెత్తి తిట్లు తినడం, మేకలు నమిలిన వైర్లకు టేపు చుట్టడం కూడానని చేరాక తెలిసింది.) ఉండడం మామ ఇంట్లోనే. ఊరి చివర ఇల్లు, ఇంటి వెనక గొర్రెల దొడ్డి, ఆ దొడ్డికి తాత, ఆ తాతకు అవ్వ.

మామ గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయన మొదట మైకు కట్టిన ఆటో తోలేవాడు. పోలియో చుక్కలు, తప్పిపోయిన బర్రె, కొత్త బట్టల దుకాణం, ఏదైనా సరే కోస్గి గల్లీ గల్లీలో ఆయన గొంతే. తర్వాత కేబుల్ టీవీ పెట్టాడు, తర్వాత నెట్టు. యాపారం మారింది గానీ బుర్రలో ఆటో అలాగే తిరుగుతూ ఉండేది. జనం రావాలంటే చెప్పాలి, ఎక్కువ మంది రావాలంటే ఎక్కువసార్లు చెప్పాలి. ఇదీ ఆయన సిద్ధాంతం, దీనికి తిరుగు లేదు.

మాకు రెండు లైన్లుండేవి. పాలమూరు నుంచి వచ్చేది కొత్తది, వెడల్పుది. నారాయణపేట నుంచి టవర్ల మీదుగా వచ్చేది పాతది, ఇరుకుది. అందరూ ఇళ్లలో చిక్కుకుపోయిన కాలం కదా, సాయంత్రమైతే ఈ పేట లైను ఊపిరాడక కొట్టుకునేది. బయటి నుంచి నెట్టులో మా ఊరికి వచ్చే సరుకులో (బొమ్మలు, మాటలు, పాఠాలు) సగం ఆ ఇరుకు దారినే వచ్చేది. దాన్నంతా పాలమూరు వైపు మళ్లించమన్నాడు మామ. ఇక్కడే ఉంది తిరకాసు. మన నుంచి బయటికి పోయేది ఏ దారిన పోవాలో మనిష్టం. మన దగ్గరికి వచ్చేది ఏ దారిన రావాలో వచ్చేవాళ్లిష్టం. నెట్టులో ప్రతి కంపెనీకి ఒక నంబరుంటుంది. 'ఈ ఊరికి మా మీదుగా రండి' అని మనం మన నంబరుతో పక్క కంపెనీకి చాటుతాం, వాళ్లు తమ నంబరు కూడా చేర్చి అవతలి వాళ్లకు చాటుతారు. దూరాన ఉన్నవాడు ఆ నంబర్ల వరుసల్లో ఏది పొట్టిగా ఉంటే ఆ దారి పట్టుకుంటాడు. కాబట్టి ఒక దారికి జనం తగ్గాలంటే, ఆ దారిలో మన నంబరును మనమే రెండుమూడుసార్లు చెప్పుకోవాలి. వరుస పొడుగ్గా కనిపించి, అబ్బో దూరం అనుకొని రాకుండా పోతారు.

ఇదంతా నేను మామకు చెప్పబోయాను. ఆయన సగమే విన్నాడు. "మన నంబరు ఎన్నిసార్లన్న చెప్పొచ్చా?" అన్నాడు.

"చెప్పొచ్చు మామా, కానీ..."

"ఐతే పాలమూరు లైన్ల పదిసార్లు చెప్పు."

"ఎక్కువసార్లు చెప్తే దూరం అనుకుంటరు మామా. పేట లైన్ల చెప్పాలె."

మామ నన్ను జాలిగా చూశాడు. "ఎక్కువసార్లు చెప్తే దూరం అనుకునేటోడు లోకంల ఉన్నడా కోడలా? అంగడి దినం ఒక్కసారి చెప్పి ఊకుంటే ఒక్కడన్న వచ్చెటోడా? నువ్వు బుక్కుల చదివినవ్. నేను ఆటో మీద తిరిగిన."

చేరి నిండా రెండు నెలలు కాలేదు, పైగా తింటున్నది ఆయన ఇంట్లో. పదిసార్లు చెప్పాను. మర్నాటికి పాలమూరు లైను ఖాళీ. వచ్చేదంతా పేట లైను మీద పడి అది కిక్కిరిసిపోయింది. మామ మాత్రం పాలమూరు లైను పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి, "ఎంత సల్లగ నడుస్తాంది సూడు" అని మురిసిపోయాడు. పనిలేని పెట్టె చల్లగా కాక ఎలా ఉంటుంది? నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆ వారంలోనే పోయింది.

తాతకు దగ్గు మొదలైంది. దవాఖానకు పోనంటే పోనన్నాడు. దొడ్డి దగ్గర మంచమేసుకొని "ఈణ్నే ఉంట, గొర్ల నడుమ ఉంటే నాకేం కాదు" అని మొండికేశాడు. అవ్వే అరిచి, ఏడ్చి, చివరికి రెక్క పట్టుకొని అంబులెన్సు ఎక్కించింది. ఎక్కేటప్పుడు తాత ఆమె ముఖం వైపు చూడలేదు. పట్నంలో దవాఖాన వాళ్లు వార్డులోకి ఎవరినీ రానివ్వలేదు, ఫోన్లు కూడా ఉంచుకోనివ్వలేదు. సాయంత్రం ఒక నర్సమ్మ ట్యాబు పట్టుకొని మంచం మంచానికి తిరుగుతూ, ఇళ్ల వాళ్లకు వీడియో కలిపేది. మా ఇంటి దగ్గర సెల్లు సిగ్నలు అంతంత మాత్రం. ఆ కాల్ మా నెట్టు మీద రావాల్సిందే.

వచ్చేది. తాత ముఖం ఒకసారి మెరిసి, నోరు సగం తెరిచిన చోట ఆగిపోయేది. మాట లేదు, కదలిక లేదు. అవ్వ మాత్రం ఫోను పట్టుకొని దొడ్డంతా తిరిగేది. "ఇగో నీ గొర్లు. ఇగో కుంటి మేక. సూడు, సూసి ఒక్క మాట మాట్లాడు. నోరు తెరిసి కూసున్నవ్, నోట్ల ముత్యాలు రాల్తయా?" అని తిట్టేది. నర్సమ్మ గొంతు ముక్కలు ముక్కలుగా "మీరు మంచిగ... కనిపిస్తున్నరు..." అనేది. అంతలో కాల్ తెగిపోయేది. రోజూ ఇదే తంతు. పక్కన నిలబడి చూస్తూ, సినిమాలా ఉందని మొదట్లో నవ్వుకున్నాం కూడా. ఊళ్లో అంబులెన్సు కూతలు పెరిగేకొద్దీ ఆ నవ్వు కూడా ఎండిపోయింది.

ఒక సాయంత్రం కాల్ తెగాక అవ్వ తిట్టలేదు. ఫోను నా చేతిలో పెట్టి దొడ్డి గోడకు ఆనుకొని కూర్చుంది. "ముసలోడు అలిగిండు బిడ్డా. వద్దు వద్దంటే నేనే తోలిన గద. అందుకే పలుకుతలేడు. గట్లనే అలిగి పోతడేమో" అంది. తాత అలగలేదనీ, తాత పలుకుతూనే ఉండి ఉంటాడనీ నాకు అప్పుడు తట్టింది. మా నుంచి పోయేది పాలమూరు దారిన హాయిగా పోతోంది, అందుకే మేం ఆయనకు కనిపిస్తున్నాం. ఆయన నుంచి మాకు వచ్చేదే ఆ ఇరుకు సందులో చిక్కుకుపోతోంది. ఇదంతా అవ్వకు ఎట్లా చెప్పాలి? చెప్తే మాత్రం నమ్ముతుందా?

తెల్లారి ఆఫీసులో మామ మీద విరుచుకుపడ్డాను. "మామా, నువ్వు చాటింపు చాటింపు అని తాతను రానిస్తలేవ్!" అన్నాను. అంత మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. మామ కుర్చీ వదిలి పక్కకు జరిగాడు. పాలమూరు లైనులో మా నంబరు ఒక్కసారికి దించాను, పేట లైనులో మూడుసార్లకు పెంచాను. సరుకు కొంత మళ్లింది గానీ, పట్నం నుంచి వచ్చేది మాత్రం పేట దారి వదల్లేదు. పేట కంపెనీలో ఒక సారుకు ఫోన్ చేశాను. ఆయన నవ్వి, "నువ్వు ముప్పైసార్లు చెప్పినా మా డబ్బ ఇనదమ్మా. నువ్వు మాకు పైసలు కట్టే గిరాకీవి, మా గిరాకీ దారి ఎంత పొడుగున్నా మాకు అదే ముందు. చాటింపుకు మేం చెప్పే గుర్తు ఒకటి తగిలించు, అప్పుడు మేమే నీ దారిని వెనుకకు పెడ్తం" అన్నాడు. మంద కలిసిపోయినప్పుడు తెలిసేలా తాత గొర్రెల వీపు మీద ఎర్ర రంగు పూసేవాడు, అలాంటి గుర్తే ఇదీ. అది తగిలించి, చేతులు జోడించి కూర్చున్నాను. కాసేపటికి పాలమూరు పెట్టె మీద దీపాలు గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. మామ దాని మీద చెయ్యి పెట్టి, "కాల్తాంది" అన్నాడు. ఈసారి మురిసిపోలేదు, కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం తాత మొత్తంగా వచ్చాడు. గడ్డం పెరిగింది, ముక్కుకు గొట్టం, కళ్లు లోతుకు పోయాయి. అవ్వ తిట్లన్నీ మరచిపోయింది. "నా మీద అలిగినవా?" అని మాత్రం అడిగింది.

తాత ఆయాసపడుతూ, "అలుగుడేందే... రోజు అడుగుతనే ఉన్న, కుంటి మేక కాలు ఎట్లుందని. నువ్వు ఇనకుంట నన్నే తిడ్తివి" అన్నాడు.

"ఇనొస్తలేదయ్యా!"

"నాకు మస్తు ఇనొచ్చినయి నీ తిట్లు. ఈ మంచం పొంటి ఉన్నోళ్లందరికి ఇనొచ్చినయి" అని తాత నవ్వబోయి దగ్గాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని నవ్విందో ఏడ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

తాత తిరిగి రాలేదు. ఆ వారమే పోయాడు. అంబులెన్సు నేరుగా మట్టి చేసే చోటికి, మా చెలక పొలానికే వచ్చింది. దగ్గరికి పోనివ్వలేదు. కొల్లాపూర్ నుంచి మా అమ్మ రాలేకపోయింది. నేను పట్టుకున్న ఫోనులో చూస్తూ ఏడ్చింది. నెట్టు ఒక్కసారి కూడా ఆగలేదు. అందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. అవ్వ మాత్రం గడప దగ్గరికి పలకరించ వచ్చిన ప్రతి ఒక్కరికీ, "అలగలే. నాతోని మాట్లాడిండు" అని చెప్పుకుంది.

తాత పోయిన కబురు వచ్చిన పొద్దున మామ పాత ఆటో బయటికి తీశాడు, మైకు కట్టాడు. నేను పక్కన కూర్చున్నాను. ఏ చిన్న సంగతైనా ఒక్కో గల్లీలో పది సార్లు అరిచే మనిషి, తండ్రి పోయిన మాట ప్రతి గల్లీ మొదట్లో ఒక్కసారే చెప్పి, మైకు ఆపి, ముందుకు పోనిచ్చాడు. జనం ఎవరి గడపల్లో వాళ్లు నిలబడి దండం పెట్టారు. ఒక గల్లీ దాటాక ఉండబట్టలేక అడిగాను.

"ఒక్కసారే చెప్తున్నవేంది మామా?"

మామ రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. "దూరమోళ్లకే మల్ల మల్ల చెప్పాలె. నువ్వే చెప్తివి గద కోడలా. వీళ్లంత మనకు దగ్గరోళ్లు."

నేను చెప్పింది అది కాదు. నంబర్ల వరుస గురించి, పొడుగు గురించి, ఇంకేదో చెప్పాను. కానీ ఆ రోజు సరిదిద్దలేదు. ఈ మధ్య మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన పిల్లలకు ఈ పాఠం చెప్పాల్సి వస్తే, బోర్డు మీద బొమ్మలు గీసి, లెక్కలన్నీ వేసి, చివరికి మామ మాటే చెప్పేస్తున్నాను. వాళ్లు నవ్వుతారు. అంత చదువు చదివి మామ మీద అరిచిన ఆ పిల్ల గుర్తొచ్చి, నేనూ నవ్వుతాను.