సూది తప్పించుకుందామని డాబా ఎక్కితే

ఒక్క మనిషి ఒట్టి ఊపిరితో ఒక గల్లీనంతా ఖాళీ చేయించగలదా? చేయించగలదు. నేను చేయించాను. అదీ రెండో నెల కడుపుతో. కాజీపల్లిలో మా గల్లీవాళ్లు ఇప్పటికీ నేను గట్టిగా తుమ్మితే కిటికీలు మూసుకుంటారు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత జాలిపడాల్సి వస్తుంది.

అసలు గొడవంతా సూదితో. నేను మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. ఇంజక్షన్ సీసాల మీద లేబుళ్లు సరిగ్గా అంటాయో లేదో చూడటం నా పని. పొద్దస్తమానం కళ్లముందు నుంచి ఇంజక్షన్లే పోతుంటాయి. దేశమంతటికీ సూదిమందు పంపే నాకు సూదిని చూస్తే చచ్చేంత భయం. కడుపుతో ఉన్నానని తెలిసిన రోజే, నా పక్కన పనిచేసే ఆమె ఎవరిదో కాన్పు కబురు చెబుతూ "నొప్పులు తెల్వకుండ నడుముల సూది ఇచ్చిన్రట, గింత పొడుగు" అని చేత్తో చూపించింది. ఆమె కొలత వేలి కొసన మొదలై మోచెయ్యి దాటింది. అప్పుడే తీర్మానించుకున్నాను, మందూ సూదీ లేకుండా కంటానని.

పైకి మాత్రం భయమని ఒప్పుకుంటానా? "సహజ ప్రసవం" అన్నాను, గొంతు సవరించుకుని మరీ.

మా ఆయన శ్రీను నన్ను ఎగాదిగా చూశాడు. "నీకు కాలుల ముల్లిరిగితెనే గల్లీ అంత ఇనవడ్తది. జెర ఆలోచించు సుజాతా."

అత్తమ్మ షరతు వేరు. "మూడో నెల నిండేదాక ఎవలకు చెప్పద్దు. దిష్టి తగుల్తది. దవాఖానకు సుత అప్పుడే పోదం." మా ఆడబిడ్డకు మొదటిసారి అందరికీ మిఠాయి పంచాక కడుపు నిలవలేదు. అప్పటినుంచి అత్తమ్మకు అదే బెంగ. నాకూ లోపల భయంగానే ఉండేది, అందుకే ఎదురు చెప్పకుండా ఒట్టేశాను.

ఇక ఫోన్‌లో వీడియోలు చూసి సాధన మొదలుపెట్టాను. అందులో ఒకావిడ తేనెలో ముంచిన గొంతుతో "నొప్పి అనకండి, అల అనండి" అనేది. సంగారెడ్డి జిల్లాలో అలలెక్కడివి తల్లీ? మా దగ్గర ఒకదాని వెనక ఒకటి వచ్చేవి ముంబై రోడ్డు మీద లారీలే. ఓర్పు రావడానికి ఐసుముక్క గుప్పిట్లో పట్టుకోమంది. పట్టుకుని, "అమ్మో" అని విదిలిస్తే వెళ్లి అత్తమ్మ పప్పుగిన్నెలో పడింది.

"ఇంక గోరంత లేదు, గిప్పుడే కనుడు నేర్సుకుంటున్నవా?" అంది అత్తమ్మ పప్పులో ఐసు వెతుకుతూ. "నాటెయ్యంగనే కొడవలి నూరినట్టున్నది నీ కత."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ ఆలిని నేనే, చూలూ నాదే, ఇక సోమలింగం రావడమే ఆలస్యం అనుకుని, ఆమె సీరియల్‌కు అడ్డం రాకుండా సాధనను డాబా మీదికి మార్చాను. కొంప మునిగింది అక్కడే.

మా దగ్గర సాయంత్రం గాలి తిరిగిందంటే ఒక్కోసారి ఫ్యాక్టరీల ఘాటు వాసన వస్తుంది. కిటికీలు మూసి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవడం మాకు సంధ్యాదీపం పెట్టినంత అలవాటు. అలాంటిచోట, అలాంటి వేళ, నోరు బార్లా తెరిచి గాలి పీల్చే మనిషిని మీరెప్పుడైనా చూశారా? మా గల్లీ కూడా చూడలేదు.

ఆ రోజు గాలి శుభ్రంగానే ఉంది, పాపం ఫ్యాక్టరీల తప్పేం లేదు. ఫోను పిట్టగోడ మీద ఆనించాను. వీడియో ఆవిడ చెప్పినట్టు నుదుటికి తడిగుడ్డ కట్టుకుని, గొంతుక్కూర్చుని, "హు హు హు హూ" అని మొదలుపెట్టాను. చెమటకు గుడ్డ జారి ముక్కు మీదికి వచ్చింది. కళ్లు అరమోడ్పులయ్యాయి. సరిగ్గా అప్పుడే కిందింటి రజియా ఆపా ఆరిన బట్టలు తీసుకోవడానికి పైకి వచ్చింది.

"క్యా హువా సుజాతా? ఏమైందమ్మా?"

అల మధ్యలో ఎవరు పిలిచినా ఆపొద్దని వీడియోలో చెప్పారు. ఇంట్లోవాళ్ల మాట వినకపోయినా ఫోన్‌లోవాళ్ల మాట తప్పకుండా వింటాను. అందుకని ఆపకుండానే, వీడియో చూస్తే ఆమెకే అర్థమవుతుందని చెయ్యెత్తి ఫోను చూపించాను. ఆ ఫోను వెనకాలే ఫ్యాక్టరీ పొగగొట్టం ఉంది.

ఆపా నా చెయ్యి చూసింది, పొగగొట్టం చూసింది, నా ముక్కు మీది తడిగుడ్డ చూసింది.

"యా అల్లా! గ్యాస్! గ్యాస్ లీకయింది! అందరు జల్దీ బయటికి రండ్రి!"

నేను ఆ అల ముగించి లేచేలోపు గల్లీ సగం రోడ్డు మీదుంది. కిరాణాకొట్టాయన "నాకు సుత కండ్లు మండుతున్నయ్" అని అరుస్తున్నాడు. మండవూ మరి, వెనకాల ఆయన భార్య మిరపకాయలు వేయిస్తోంది. లేని గ్యాస్‌కు ఇంకొకాయన గొంతు పట్టేసింది. మెట్లు దిగుతూ "గ్యాస్ కాదు..." అన్నానో లేదో, ఆపా నా నోట్లో బెల్లంగడ్డ కుక్కింది. పొగకు బెల్లం విరుగుడని మా దగ్గర గట్టి నమ్మకం.

"అయ్యో, మాట వడిపోయింది!" అని ఎవరో శోకం ఎత్తుకున్నారు.

నన్ను ఆటోలో వేశారు. బెల్లం కరిగాక, పక్కన కూర్చున్న అత్తమ్మ చెవిలో గొణిగాను. "అత్తమ్మా, నాకేం కాలేదు. ఊపిరి నేర్సుకుంటున్న, అంతే. చెప్పేద్దం."

"ఎందుకు నేర్సుకుంటున్నవంటే ఏమంటవ్? కడుపుతోని ఉన్ననంటవా? నోర్మూసుకుని కూసో. గ్యాసే అనుకోనియ్."

దవాఖానలో డాక్టరమ్మ గుండె చూసింది, నాడి చూసింది. "ఊపిరి బాగానే ఉందే. మరెందుకలా రొప్పావు?"

నేను అత్తమ్మ వంక చూశాను. అత్తమ్మ గోడ వంక చూసింది.

"సరే, ఎందుకైనా మంచిది, ఒక ఇంజక్షన్ ఇద్దాం."

నర్సు సూది ఎత్తింది. కిటికీలోంచి గల్లీ అంతా తడిగుడ్డలతో తొంగిచూస్తోంది. ఇటు అత్తమ్మకు వేసిన ఒట్టు, అటు సూది. ఆ మందు లోపలి పసిగుడ్డుకు పడుతుందో పడదోనన్న దిగులు కూడా నిజంగానే పట్టుకుంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"వద్దూ! నాకు రెండో నెల! నేను కనుడు నేర్సుకుంటున్న!"

కిరాణాకొట్టాయన ముక్కు మీది గుడ్డ తీశాడు. "గదానికి మమ్ముల ఎందుకు ఉరికిచ్చినవమ్మా?"

నవ్వులతో కిటికీ అద్దాలు అదిరాయి. ఆపా వచ్చి నన్ను వాటేసుకుంది. అత్తమ్మ నెత్తి కొట్టుకుని, "ఇగ ఒక్కొక్కలది యాడ తీస్త? ఇంటికి పోయినంక గల్లీ అందరి దిష్టి కలిపి తీస్త తియ్" అంది. ఆమె కూడా నవ్వుతోందని నాకు అప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ ఆ సూది పక్కన పెట్టించింది. గెలిచాననుకుని మంచం దిగబోయాను.

"ఆగమ్మా. రెండో నెల అంటున్నావు, ధనుర్వాతం టీకా వేయించుకున్నావా?"

"లే... లేదమ్మా."

"సిస్టర్, టీకా తీయండి."

నా కేక గేటు దాకా వినిపించిందట. అప్పుడే ఫ్యాక్టరీ నుంచి ఉరికొచ్చిన శ్రీను "పేషెంటు ఏ వార్డుల ఉన్నదో అడిగే పని లేదు, గది మా ఆమెనే" అన్నాడట.

నెలలు నిండాయి. నొప్పులు వచ్చాయి. అలలు కావు తల్లీ, లోడు లారీలు. నేర్చుకున్న ఊపిరి ఒక్కటీ గుర్తు లేదు. తలుపు బయట రజియా ఆపా, అత్తమ్మ నా బదులు "హు హు హూ" అంటున్నారు. నేనేమో "సూది! గా పొడుగు సూదే తెండ్రి! రెండియ్యుండ్రి!" అని నర్సు కొంగు పట్టుకున్నాను.

"ఇంకెక్కడి సూదమ్మా, తల కనవడ్తున్నది" అంది నర్సు.

వద్దన్ననాడు పట్టుకుని పొడిచారు, కావాలని మొత్తుకున్ననాడు ఒక్కటీ ఇవ్వలేదు. ఆడపిల్ల పుట్టింది. దాన్ని గుండెల మీద పెట్టగానే సంతోషం పట్టలేక దానికంటే గట్టిగా ఏడ్చాను. బయట అత్తమ్మ మాత్రం అందరికీ మిఠాయి పంచుతూ, "మా కోడలు అన్నమాట నిలవెట్టుకున్నది, ఒక్క సూది సుత అడగలే" అని చెప్పింది. నేనెందుకు కాదంటాను?

కానీ ఆపా పెట్టిన బెల్లం మీద, అత్తమ్మ దిష్టి తీసిన మిరపకాయల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: ఈ జన్మలో మళ్లీ డాబా మీద ఊపిరి నేర్చుకోను. గత్యంతరం లేక పీల్చాల్సి వస్తే, ముందు గల్లీలో చాటింపు వేయించి, నోరు మూసుకుని, ముక్కుతో, పొగగొట్టానికి వీపు తిప్పి పీలుస్తాను.