పోర్ట్‌ఫోలియో సారూ, చేపముల్లూ

ఆ రోజుల్లో, అంటే రెండు వేల పన్నెండు ప్రాంతంలో, మేడ్చల్ దగ్గరి ఒక మెడికల్ కాలేజీలో నేను చెవి ముక్కు గొంతు విభాగంలో పీజీ చేస్తున్నప్పుడు, వైద్యం నేర్చుకోవడం కంటే నేర్చుకున్నట్టు రాయడమే పెద్ద చదువుగా ఉండేది. మా ప్రొఫెసరు గారు ఏదో సదస్సుకు వెళ్లి ‘లెర్నింగ్ పోర్ట్‌ఫోలియో’ అనే లావుపాటి ఫైలును వెంటబెట్టుకొచ్చారు. (అందరిలా సంచీ, పెన్నూ తెచ్చుకుంటే సరిపోయేది.) ఇక ప్రతి రోగి గురించీ ఏం చేశావు, ఏమనిపించింది, ఇంకోసారైతే ఏం మార్చుకుంటావు అని పేజీలకు పేజీలు నింపాలి. చెవిలో గుబిలి తీసినా అనుభూతే! ఆయన సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. నా ఫైలు మాత్రం ‘హృదయం లేదు’ అన్న ఎర్రసిరా వ్యాఖ్యతో మాటిమాటికీ వెనక్కొచ్చేది. పరీక్షలు దగ్గరపడుతున్నకొద్దీ నాకు అన్నం సహించడం మానేసింది.

అలాంటప్పుడు, మేము చెవి ఆపరేషన్ చేసిన శామీర్‌పేట ఆయన, చెరువులో చేపలు పట్టే మనిషి, సారునీ నన్నూ ఒక ఆదివారం భోజనానికి పిలిచాడు. రోగి ఇల్లు చూస్తే పోర్ట్‌ఫోలియోలో ఇంకో పేజీ నిండుతుందని సారు వెంటనే ఒప్పుకున్నారు. ఇంటాయన తల్లి చేపల పులుసు వడ్డిస్తూ, "సారూ, జర సూస్కుంట తినుండ్రి. మాట్లాడుకుంట తింటే ముల్లు గుచ్చుకుంటది" అంది. సారు వింటారా? ముద్ద నోట్లో పెట్టుకుని నావైపు తిరిగి, "అసలు ఆత్మపరిశీలన అంటే ఏమిటనుకున్నావు..." అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయారు. కళ్లలో నీళ్లు.

"గదే నేను జెప్పిన! ఇగ గింత ఉత్త బువ్వ మింగుండ్రి, జల్దీ" అని అవ్వ ముద్ద చేసి అందించింది. (అలా మింగకూడదని మాకు పాఠం చెప్పింది ఆయనే. వద్దనకుండా మింగారు.) ముల్లు కదల్లేదు. కారులో మేడ్చల్ చేరేదాకా సారు ఒక్క మాటా మాట్లాడలేదు. మా విభాగం అంత ప్రశాంతతను అంతకుముందెన్నడూ ఎరగదు.

ఆదివారం కాబట్టి ఆసుపత్రిలో మా విభాగం నుంచి నేను తప్ప ఎవరూ లేరు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నాలుకను గుడ్డముక్కతో పట్టి లాగాను. రెండో చేత్తో పట్టకారు లాంటి ఫోర్సెప్స్ అందుకున్నాను. జారిందా, ముల్లు లోపలికి, నా పరీక్ష గంగలోకి. ఆ స్థితిలోనూ సారు సలహా ఇవ్వబోయారు. "ఆ... ఆగ్..."

"మాట్లాడకండి సార్" అన్నాను. అంతకాలం ఆయన నాతో అంటూ వచ్చిన మాటే. టాన్సిల్ పక్కన తెల్లగా ఏదో మెరిసింది. ఫోర్సెప్స్‌తో పట్టి లాగేశాను.

మర్నాడు అదంతా పోర్ట్‌ఫోలియోలో రాసిచ్చాను. అనుభూతి అన్నచోట ‘సంతోషం’ అని ఒక్క మాటే పెట్టాను. సారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"సంతోషం దేనికయ్యా?"

"ముల్లు దొరికినందుకు సార్."

"రోగి పేరు రాశావా?"

"లేదు సార్. నడివయసు పురుషుడు, తింటూ మాట్లాడే అలవాటు ఉంది అని రాశాను."

ఆయన ఎర్రసిరా పెన్ను తీశారు. అలవాటు సంగతి మీద ఎర్రగీత కొట్టి, ఫైలు మొత్తానికీ సంతకం పెట్టి నావైపు తోశారు. (తర్వాత కాలేజీ తనిఖీకి వచ్చినవాళ్లు ఒక్క ఫైలూ తెరవలేదు. అట్టలు బాగున్నాయని మెచ్చుకుని, టీ తాగి వెళ్లారు.)

సంతకమైన ఆ సాయంత్రం, లోకంలోని ప్రొఫెసర్లందర్నీ ఓడించినవాడిలా, అల్వాల్‌లోని నా గదికి బండి మీద ఈల వేసుకుంటూ వెళ్లాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రవాడి మీద నవ్వొస్తుంది. వాడు తీసింది ఒక చేపముల్లు, అంతే. అయినా ఆ ఈల మాత్రం నాకు మళ్లీ పట్టుబడలేదు.