మన్మథరావు గారి జోలతిట్లు

నర్సీపట్నంలో మన్మథరావు గారు తిడితే మనిషికి నిద్ర పట్టేస్తుంది. మనిషికే కాదు. ఒకసారి అబీద్ సెంటర్లో అడ్డంగా నిలబెట్టిన ఆటోని ఆయన తిట్టడం మొదలుపెడితే కాసేపటికి ఆ ఆటో గురక పెట్టింది. అది ఇంజిను చప్పుడేనని ఆటోవాడు ఇప్పటికీ వాదిస్తాడు. తాళం తన జేబులో ఉండగా ఇంజిను ఎలా మోగిందో మాత్రం చెప్పలేడు. ఇంకోసారి ఆయన పెరట్లో దూరిన గేదెను తిడితే అది నెమరు వెయ్యడం మరిచిపోయి, మర్నాడు పాలు పితికే వేళకి గాని గుర్తు తెచ్చుకోలేకపోయింది. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ గేదెనే అడగొచ్చు. ఇంకా బతికే ఉంది.

అంతా ఆ గొంతులో ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన బస్టాండు మైకులో బస్సుల పేర్లు చదివారు. "కొయ్యూరూ... వెళ్ళవలసిన... బస్సూ..." అని ఆయన సాగదీస్తుంటే బెంచీల మీద కూర్చున్నవాళ్ళ కళ్ళ ముందుకి మంచు కప్పిన కొండలు వచ్చి నిలబడేవి. కొందరు బెంచీ మీదే కొయ్యూరు వెళ్ళి, చుట్టాలను పలకరించి, భోంచేసి, తిరిగి లేచి ఇంటికి పోయేవారు. రిటైరయ్యాక మైకు పోయింది, గొంతు ఉండిపోయింది. పిలవడానికి బస్సులు లేవు కాబట్టి మనుషుల్ని తిట్టుకుంటూ కాలక్షేపం చేశారు.

ఆ తిట్టులో బూతు ఉండదు, శాపం ఉండదు. ఒక మందలింపుతో బయల్దేరి, తాండవ కాలవలో దిగి, అవతలి గట్టున ఎవరిదో తోటలో మామిడిపిందెలు ఏరుకుని, ఎప్పుడో కురిసి వెలిసిన వానలో మళ్ళీ తడిసి, ఎవరిని ఎందుకు తిడుతున్నారో ఇద్దరూ మరిచిపోయేదాకా పోతుంది. చంటిపిల్లలు పడుకోకపోతే వీధిలో తల్లులు గోడ మీంచి అడిగేవారు.

"మన్మథరావు గారూ, మావోడు నానా అల్లరి సేస్తన్నాడండి. ఓ రెండు ముక్కలు తిట్టరా?"

"తిడతానమ్మా. ఉయ్యాల ఇటు తిప్పు."

ఆ గోడకి ఇవతలి ఇల్లే గౌతమిది. డిగ్రీ చదివి, పిల్లలకి సైన్సు ట్యూషన్లు చెప్పుకుంటున్న ఆ అమ్మాయికి ఒక ఏడాది వాళ్ళ జీడితోటలో పూతంతా చెట్టు మీదే మాడిపోయినప్పుడు కోపం వచ్చింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. ఎండ మీదనుకుంది. పుస్తకాలు తిరగేశాక ఎండని అంతదాకా తెచ్చినవాళ్ళ మీదనుకుంది. లెక్క చూసుకుంటే అందులో ఊరూ ఉంది, తనూ ఉంది. ఇక లాభం లేదని వీరేంద్రనీ, మరికొందరు స్నేహితులనీ పోగేసి, అట్టముక్కల మీద "భూమి కాలిపోతోంది" అని రాసి, నడిరోడ్డు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. అంబులెన్సు వస్తే లేస్తారు. మరి దేనికీ లేవరు.

ఊరు ఊరుకుంటుందా?

"ఏటమ్మా, మీరిలా కూకుంటే ఎండ బయపడి ఎల్లిపోద్దేటి?" అని ఒకాయన.

"భూమి వేడెక్కిపోతోందండి."

"నా బండి ఇంకా ఏడెక్కిపోనాది. ముందు దాన్నొగ్గు."

"క్లైమేటంటే ఢిల్లీలో ఉంటాది గాని మన రోడ్ల మీద ఉంటాదేటి?" అని మరొకావిడ బస్సు కిటికీలోంచి.

మంచి మాట చెప్పినవాడు ఒక్కడే దొరికాడు. "మీరు సేసేది బాగుందమ్మా. కాపోతే ఆదివారం సేసుకోండి."

"ఆదివారం రోడ్డు మీద ఎవరూ ఉండరు కదండీ."

"అదే నాను సెప్పేది. ఎవులికీ ఇబ్బందుండదు."

ఇంతలో జనాన్ని తోసుకుంటూ నల్లగొడుగు ఒకటి వచ్చేది. గొడుగు కింద మన్మథరావు గారు. ఎక్కడ కూర్చున్నా, ఎప్పుడు కూర్చున్నా, అందరికంటే ముందుండే బండి మూతికీ, కూర్చున్న పిల్లలకీ మధ్య సరిగ్గా వచ్చి నిలబడి తిట్టేవారు.

"ఏమ్మా గౌతమీ... బుద్ధుందా నీకు... ఇదేమన్నా కూర్చునే చోటా... ఎండ ఎండ అంటావు, నువ్వేం చూశావు ఎండ... మా నాయనమ్మ రోజుల్లో ఎండంటే... పెరట్లో కుండ పెట్టేది... కుండలో మజ్జిగ... మజ్జిగలో నిమ్మాకు... ఆ నిమ్మచెట్టు మీద ఒక పిట్ట గూడు కట్టింది..."

పిట్ట సంగతి సరిగ్గా వినబడక, ముందున్న బస్సు డ్రైవరు ఇంజిను ఆపేసేవాడు. అది చూసి వెనకాయన, ఆయన వెనకాయన. ఒక్కో బండీ నోరు మూసుకుంటుంటే రోడ్డు మీదికి మెల్లగా ఒక నిశ్శబ్దం వచ్చి కూర్చునేది. అప్పుడు గాని ఊళ్ళో పావురాలున్నాయని ఎవరికీ తెలిసేది కాదు. దూరంగా ఏజెన్సీ కొండలు ఎండలో కరిగి, ఇంకాస్త దగ్గరికి జరిగినట్టుండేవి. బస్సు కిటికీల్లో తలలు ఒకదాని మీదికొకటి ఒరిగేవి. బందోబస్తుకి వచ్చిన కానిస్టేబుల్ డివైడరు మీద కూర్చుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, చిన్నప్పటి ఇంటికి వెళ్ళిపోయేవాడు.

అక్కడే వచ్చింది చిక్కు. నినాదం ఎత్తుకున్న వీరేంద్ర "మేలుకో" అన్నాక "నర్సీపట్నం" అనే లోపు అట్ట మీదికి వాలిపోయేవాడు.

"మనం జనాన్ని లేపుదామని కూర్చుంటే ఈయన వచ్చి పడుకోబెట్టేస్తన్నారే" అని వీరేంద్ర, తెలివి వచ్చాక.

గౌతమికి తల కొట్టేసినట్టుండేది. అందరూ తిట్టారు, సరే. పక్కింటి తాతగారు కూడానా? అదీ అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువసేపు.

ఇలా ఉండగా అడ్డరోడ్డు వైపు పోయే దారి వెడల్పు చేస్తామని కబురొచ్చింది. ఊరి మొగలో ఆ దారికి అటూ ఇటూ నిద్రగన్నేరు చెట్లున్నాయి. పైన కొమ్మలు కలిసిపోయి, కింద వైశాఖంలో కూడా చల్లగా ఉంటుంది. వాటిని కొట్టడానికి రంపాలు శనివారం వస్తాయి. గౌతమి రోడ్ల ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా, అధికారి విసిగిపోయి, "శనివారం మధ్యాహ్నం నేనే వచ్చి చూస్తాను. అప్పటిదాకా చెట్లు నిలబడి ఉంటే మాట్లాడదాం" అన్నాడు. అంటే ఆయన వచ్చేదాకా రంపాల లారీ చెట్ల దగ్గరికి చేరకూడదు. అంటే రోడ్డు మీంచి లేవకూడదు. అంటే ఆ ఒక్కరోజు ఎవరూ పడుకోకూడదు.

గౌతమి ఆలోచించి, మన్మథరావు గారి భార్య అప్పలలక్ష్మి దగ్గరికి వెళ్ళింది.

"మామ్మగారూ, ఉపమాక వెంకన్న దగ్గరికెళ్ళి ఎన్నాళ్ళయిందండి?"

"శానాళ్ళయింది. ఈయన కదిలితే కదా."

"ఈ శనివారం మంచిదంట. తాతగారిని తీసుకుని పొద్దున్నే వెళ్ళిరండి."

శనివారం తెల్లవారుతూనే దంపతులిద్దరూ ఉపమాక ఉన్న నక్కపల్లి వైపు బస్సెక్కారు. గౌతమి చెయ్యి ఊపింది. వాళ్ళు వెళ్ళింది అడ్డరోడ్డు దారినేనని, మళ్ళీ రావలసింది కూడా ఆ దారినేనని అంత చదువుకున్న పిల్లకి తట్టలేదు.

గౌతమి వాళ్ళు చెట్ల వరస మొదట్లో రోడ్డుకి అడ్డంగా కూర్చున్నారు. ఆ రోజు ఎవరూ పడుకోలేదు. ఎవరూ పడుకోకపోతే ఏమవుతుందో గౌతమికి మొదటిసారి తెలిసింది.

హారన్లు ఆగలేదు. చెట్ల మీది కాకులు ఆ గోల భరించలేక పెద్ద బొడ్డేపల్లి వెళ్ళి తలదాచుకున్నాయి. ఎవరో వచ్చి అట్టముక్క లాగి చింపాడు. వీరేంద్ర లేచి వాడి చొక్కా పట్టుకున్నాడు. వాడి తరఫున నలుగురు దిగారు. రంపాల లారీ వాళ్ళు బానెట్టు మీద కూర్చుని వినోదం చూస్తున్నారు. అన్నిటికంటే ముందు లచ్చన్న చెరుకు ట్రాక్టరుంది. బెల్లం బట్టీకి పోతోంది.

"అమ్మా, లెగు. బట్టీ కాడ పొయ్యి అంటించేసినారు. నా సెరుకు కోసం సూస్తన్నారు."

"అధికారి వచ్చేదాకా అన్నా. కాసేపు."

"నీ కాసేపుకి పెనం కాలిపోద్ది. లెగుతావా, లెగవా?"

"లేవను."

లచ్చన్న చెడ్డవాడు కాదు. కాని వెనక అంత హారను మోగుతుంటే, చుట్టూ అందరూ "తొక్కించీరా" అంటుంటే, ఎండ నెత్తికెక్కితే, మంచివాడికి కూడా కాలు దానంతటదే నొక్కుకుపోతుంది. ట్రాక్టరు ఒక్క కుదుపు కుదిపి ముందుకొచ్చింది. ముందుచక్రం "భూమి" అన్న అక్షరాల మీదికి ఎక్కి ఆగింది. చక్రానికీ గౌతమి మోకాలికీ మధ్య జానెడు.

ఆ అమ్మాయి లేవలేదు. కాని ఆ క్షణంలో తన కళ్ళు జనంలో దేనికోసం వెతుకుతున్నాయో తనకే తెలిసి ఆశ్చర్యపోయింది. నల్లగొడుగు కోసం.

అప్పుడు, ఎక్కడో వెనక, బండ్ల వరస చివర, ఒక హారను ఆగిపోయింది. తరవాత దాని ముందుది. తరవాత ఇంకొకటి. ఎవరో పొడుగాటి దుప్పటి లాగుతూ వస్తున్నట్టు, దూరం నుంచి నిశ్శబ్దం ఒక్కో బండినీ కప్పుకుంటూ దగ్గరికొస్తోంది. అందులోంచి సన్నగా, తీరిగ్గా ఒక గొంతు.

"...ఏమయ్యా వ్యాను బాబూ, ఆ హారనేమిటి... మా చిన్నప్పుడు ఈ దారిలో ఎడ్లబండి గంటలు... ఆ గంటలకి ఊరికి ఊరే నిద్రపోయేది... నువ్వు జరగమ్మా స్కూటరూ..."

జనం పాయలుగా విడిపోయారు. మన్మథరావు గారు గొడుగుతో వచ్చి, అలవాటైన చోట, చక్రానికీ గౌతమికీ మధ్య, ఉన్న ఆ జానెడులో ఎలా పట్టారో గాని పట్టి నిలబడ్డారు.

"ఏమ్మా గౌతమీ... నన్ను ఉపమాక పంపించేస్తావా... వెంకన్న అడిగాడు, ఏమయ్యా మన్మథరావూ, పిల్లల్ని తిట్టకుండా ఇలా వచ్చేశావేమని... ఏం చెప్పను నేను... చెరుకు కోసుకొచ్చావా లచ్చన్నా... మీ నాన్న చెరుకు వేసేవాడు, ఆ తోటలో గాలి వీస్తే ఎలా ఉండేదో గుర్తుందా... సముద్రం లేచి వచ్చినట్టు..."

లచ్చన్న చెయ్యి తాళం మీదికి వెళ్ళింది. ఇంజిను ఆగింది. "మా అయ్య తోట మీరు సూసినారేటి?" అన్నాడు.

"చూడకేం..."

ఆ తరవాత జరిగింది చెబితే అతిశయోక్తి అంటారు. సాయంత్రం ముడుచుకోవలసిన నిద్రగన్నేరు ఆకులు మిట్టమధ్యాహ్నమే ముడుచుకున్నాయి. లచ్చన్న చెరుకు మోపుల మీద వెల్లకిలా పడుకున్నాడు. బట్టీ నుంచి ఫోనొస్తే, అందులోంచి మన్మథరావు గారి మాటలు విని, అటువైపు బెల్లం వండే మేస్త్రీ కూడా పొయ్యి ఆర్పించి చాప పరిచాడు. రంపాలవాళ్ళు రంపాలు తలకింద పెట్టుకోబోయి, నొప్పి పుట్టి, పక్కన పెట్టుకున్నారు. చొక్కాలు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఒకరి భుజం మీద ఒకరు వాలారు.

అధికారి జీపు దూరంగా వదిలేసి నడుచుకుంటూ వచ్చేసరికి ఊరంతా ఆ నీడలో పడుకుని ఉంది. ఆయన చాలాసేపు నిలబడ్డాడు. చొక్కా పైగుండీ విప్పుకున్నాడు. తలెత్తి కొమ్మల వైపు చూశాడు.

"ఇవి కొట్టేస్తే వీళ్ళంతా ఎక్కడ పడుకుంటారు?" అని తనలో తనే అనుకుని, రోడ్డు గీత అవతలి ఖాళీ జాగా వైపు తిప్పి కొలవమని పక్కవాళ్ళకి చెప్పాడు. గట్టిగా చెబితే ఎవరైనా లేస్తారని మెల్లగా చెప్పాడు.

రంపాల లారీ వెనక్కి తిరిగింది. లచ్చన్న లేచి, కళ్ళు నులుముకుని, మోపులోంచి ఒక చెరుకుగెడ లాగి గౌతమి చేతిలో పెట్టి బయల్దేరాడు. అప్పుడు వచ్చింది అప్పలలక్ష్మి, ఒక చేతిలో పులిహోర పొట్లం, ఒక చేతిలో భర్త చెప్పులు పట్టుకుని, రొప్పుకుంటూ.

"సూసినావా ఈయన పని. బస్సు ఆ మూల మామిడితోట నీడలో ఆగిందమ్మా. కిటికీ కాడ సీటు కోసం నాతో దెబ్బలాడి మరీ కూకున్నాడు. సల్లగా గాలొస్తంది. ఇటేపు కేకలినబడ్డాయి. 'పిల్లల మీదకి ఎవులో వస్తన్నారే' అని గొడుగట్టుకుని దిగిపోనాడు. సెప్పులు కూడా ఏసుకోనేదు."

గౌతమి ఆయన కాళ్ళ వైపు చూసింది. ఎర్రగా కంది ఉన్నాయి.

"మామ్మగారూ, మరి ప్రతిసారీ అందరికంటే ముందొచ్చి మమ్మల్ని తిట్టేది...?"

"ముందు నాను తిట్టేస్తే ఇంకెవులికీ సందు దొరకదంటాడు. కోపంగా తిట్టేవోళ్ళ కంటే ముందెళ్ళాలని అన్నం కూడా సరిగ్గా తినడు ఆ రోజుల్లో."

గౌతమి వంగి, ఆ పాదాల దగ్గర చెప్పులు తనే పెట్టి, లేచి, ఇంకా ఆవులిస్తున్న జనం వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ మన్మథరావు తాతగారు మమ్మల్ని కాపాడ్డానికే తిట్టారండి. ఇవాళ కూడా మాకోసమే చెప్పుల్లేకుండా ఆ ఎండలో నడిచొచ్చారు" అని చెప్పింది.

మన్మథరావు గారు గొడుగు మడిచి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, బస్టాండు మైకులో బస్సు రద్దయిందని చెప్పే గొంతుతో అన్నారు:

"అదేం లేదు. బస్సులో ఉక్కగా ఉంది, దిగాను."