నాన్న సైలెన్సర్ మార్చిన ఏడాది

మా నాన్నకు చెవులు మందగిస్తున్న సంగతి ఇంట్లో అందరికన్నా ముందు ఆయన మోటార్ సైకిల్‌కు తెలిసింది. మాకు తెలిసేసరికి ఆ బండికి పాత సైలెన్సర్ లేదు, గాలి ఫిల్టర్ డబ్బా లేదు, సందులో మాకు పరువూ లేదు.

అది 2012. చిక్కడపల్లిలో, అశోక్‌నగర్ వైపు వెళ్లే ఒక సందులో ఉండేవాళ్లం. నాన్న నారాయణగూడలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో మెషిన్ నడిపేవాడు. అక్కడ అచ్చయ్యేవి ఎక్కువగా పోటీ పరీక్షల గైడ్లు. ఊళ్ల నుంచి వచ్చి మా చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి చదివేవాళ్లు కొనుక్కునే పుస్తకాలు. మెషిన్ల హోరులో అక్కడ ఎవరూ మాట్లాడుకోరు, చేతులతో చెప్పుకుంటారు. నాన్న ఇంట్లోనూ అంతే. ఉప్పు కావాలంటే రెండు వేళ్లు రుద్ది చూపించేవాడు, అన్నం చాలంటే అరచేయి ఎత్తేవాడు. అందుకే ఆయనకు వినపడటం తగ్గిందని మాకు చాలాకాలం అనుమానమే రాలేదు. అంతకుముందు మాత్రం మా మాట ఎప్పుడు విన్నాడు గనుక. అమ్మ రోజుకోసారైనా, "నీకు చెప్పుడు చెవిటోని ముందు శంఖమూదినట్టే" అనేది. ఆయన నవ్వేవాడు.

అయితే బండి విషయంలో ఆయన చెవికి మా సందులో పేరుండేది. ఆదివారం పొద్దున చాయ్ తాగి, గేటు ముందు బండిని స్టాండ్ వేసి స్టార్ట్ చేసేవాడు. చిన్న స్క్రూడ్రైవర్‌తో కార్బురేటర్ మీది స్క్రూ తిప్పుతూ తల ఒక పక్కకు వంచేవాడు. ఇంజిన్ ఎక్కడ తడబడుతోందో, ఎక్కడ కుదురుకుంటోందో విని, సరిగ్గా అక్కడ చేయి ఆపేవాడు. అది చూసి ఇరుగుపొరుగు వాళ్లు తమ బళ్లు తెచ్చేవారు. ఎవరైనా గేటు దగ్గర నిలబడి "అంకుల్ ఉన్నడా" అన్నారంటే అది ట్యూనింగ్ కోసమే. వచ్చిన పని ఏమిటని నాన్న అడిగేవాడు కూడా కాదు, స్క్రూడ్రైవర్ తీసుకుని బయటికి నడిచేవాడు. ప్రెస్సు ఆయనకు బతుకుతెరువు. మనిషిగా ఆయనకు విలువ ఆ ఆదివారాల్లోనే ఉండేది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మా పక్క వాటాలో ఉండే పెద్దాయన ఒకరు వెనక లారీ హారన్ వినపడక లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర స్కూటర్ మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆ రోజే అమ్మ తీర్పు చెప్పేసింది, "చెవులు పోయినోళ్లు బండి ముట్టద్దు" అని. అమ్మ చెప్పినవాటిలో నాన్న ఆ ఒక్క మాట మాత్రం శ్రద్ధగా విన్నట్టున్నాడు. ఆయనకు అప్పటికే ఇంజిన్ సరిగ్గా వినపడటం లేదు. బయటికి చెబితే బండి పోతుంది, బండితో పాటు ఆదివారాలూ పోతాయి. అందుకని చెప్పకుండా బండినే మార్చేశాడు.

మాతో చెప్పింది వేరు. "పికప్ తగ్గింది. బండికి ఊపిరాడుతలేదు" అన్నాడు. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గరి మెకానిక్ షెడ్డులో ఒక సాయంత్రం కూర్చుని ఫిల్టర్ డబ్బా పీకించి, దాని చోట గుండ్రని ఓపెన్ ఫిల్టర్ పెట్టించాడు. గాలి ఎక్కువ పోతే పెట్రోలూ ఎక్కువ పోవాలని కార్బురేటర్‌లో జెట్ మార్పించాడు. పాత సైలెన్సర్ తీయించి, లోపల అడ్డేమీ లేని పొట్టి గొట్టం బిగించుకొచ్చాడు. గాలి ఎట్లా వస్తుందో, పొగ ఎట్లా పోతుందో అన్నం ముందు కూర్చుని చేతులతో మాకు చూపించాడు. అబద్ధమేమీ చెప్పలేదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇదివరకు రెండో గేరుకు దిగే బండి ఇప్పుడు మూడో గేరులోనే ఎక్కేది. కానీ ఆయనకు కావలసింది చప్పుడు. గాలి పీల్చే శబ్దం మోకాలి పక్కన, పొగ శబ్దం వెనక. రెండూ కలిస్తే గేరు ఎప్పుడు మార్చాలో మళ్లీ తెలిసేది. ఆ హోరులో వెనక బళ్ల హారన్లు ఇంకా వినపడకుండా పోతాయని ఆయన ఆలోచించలేదు. ఆలోచించినా ఒప్పుకునే మనిషి కాదు.

పొద్దున ఏడింటికి ఆయన కిక్ కొడితే మా వంటింట్లో గిన్నెలు అదిరేవి. "ఈ వయసుల ఇదేం పోకడ? కాలేజీ పోరగాండ్లు నయం" అని అమ్మ తల కొట్టుకునేది. నాకైతే ఒళ్లు మండేది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఎదురు హాస్టల్ బాల్కనీలో పుస్తకాలు పట్టుకుని నిలబడ్డవాళ్లు ఒక్కసారిగా తలెత్తి మా గేటు వైపు చూస్తుంటే నేల చీలితే బాగుండుననిపించేది. అదే రోజుల్లో నాన్న ప్రతి ఆదివారం ఇంజిన్ స్పార్క్ ప్లగ్ విప్పి, ఎండకు ఎత్తి పట్టుకుని దాని మొన రంగు చూసేవాడు. గోధుమరంగులో ఉంటే సరే, తెల్లబడితే గాలి ఎక్కువైనట్టు. ఇదివరకు వినే తేల్చేసేవాడు. చూడవలసిన అవసరం ఎందుకొచ్చిందో నేను అడగలేదు.

ఒక ఆదివారం ఆ హాస్టల్ నుంచి ఇద్దరు వచ్చారు. టిఫిన్‌కు వెళ్లొస్తున్నట్టున్నారు, తమ బండిని మా గేటు ముందే ఆపారు. పెద్దవాడు చాలా మర్యాదగా మాట్లాడాడు.

"నమస్తే అంకుల్. జర ఏమనుకోవద్దు. పరీక్షలు దగ్గరికొచ్చినయ్. మీ బండి చప్పుడుకు పొద్దున చదువు సాగుతలేదు. పాత సైలెన్సర్ పెట్టిస్తే మాకు ఆసరైతది."

నాన్న చిరునవ్వుతో తలాడించాడు. లోపలికి వెళ్లి స్క్రూడ్రైవర్ తెచ్చి, వాళ్ల బండి పక్కన గొంతుక్కూర్చుని, స్టార్ట్ చేయమని చేయి ఊపాడు. వాళ్లు ముఖముఖాలు చూసుకుని, తర్వాత నా వైపు చూశారు. పెద్దవాడు చేసేదేమీ లేక కిక్ కొట్టాడు.

ఆ ఇంజిన్‌కు ఏ జబ్బూ లేదు, మెత్తగా ఆడుతోంది. నాన్న తల పక్కకు వంచి స్క్రూ తిప్పాడు. చప్పుడు పెరిగింది. ఇంకా తిప్పాడు. ఇంజిన్ గోల పెట్టడం మొదలైంది, బాల్కనీలోకి మనుషులు వచ్చారు. నాన్న ముఖం మాత్రం ఎప్పటిలాగే ప్రశాంతంగా ఉంది. తనకు వినపడేదాకా తిప్పుతూనే ఉన్నాడు. అమ్మ తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి ఆ వంచిన తలను చూసింది, బిగుసుకుపోయిన ఆ కుర్రవాడి ముఖం చూసింది.

"అయిపోయిందా అంకుల్?" అని వాడు వెనక నుంచి అడిగాడు. నాన్న తల తిప్పలేదు. ముందుకొచ్చి మళ్లీ అడిగాడు. నాన్న వాడి పెదవులు చూసి, "ఇప్పుడు సెట్టయింది, పో" అన్నాడు గట్టిగా.

వాడు నాన్న ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. "మంచిగైంది అంకుల్. మస్తున్నది" అని దండం పెట్టాడు. సైలెన్సర్ ఊసు మళ్లీ ఎత్తలేదు. ఆ గోల పెట్టే బండి మీదే ఇద్దరూ వెళ్లారు. సందు మలుపులో ఆగి, పెద్దవాడు వంగి స్క్రూ వెనక్కి తిప్పుకున్నాడు. నేను చూశాను. నాన్న కూడా చూశాడు. ఆయన కళ్లకేమీ కాలేదు.

ఆ మధ్యాహ్నం అన్నం తినకుండా మెట్ల కింద గోనెసంచిలోంచి పాత సామాను తీశాడు. ఓపెన్ ఫిల్టర్ విప్పి డబ్బా బిగించాడు, జెట్ మార్చాడు, పాత సైలెన్సర్ తగిలించాడు. అన్నీ ఒక్కడే చేసుకుని నన్ను పిలిచి స్క్రూడ్రైవర్ చేతికిచ్చాడు.

"తిప్పు బిడ్డా. ఎక్కడ కుదురుతదో చూడు."

తిప్పాను. ఇంజిన్ తడబడింది, ఆగిపోబోయింది, మళ్లీ అందుకుంది. ఒకచోట చప్పుడు సమంగా వచ్చింది. ఆయన బండి వైపు చూడటం లేదు, నా ముఖమే చూస్తున్నాడు. నేను అరచేయి ఎత్తాను.

"గంతేనా?"

"గంతే నాన్న."

ట్యాంకు మీద చేయి ఆనించాడు. తర్వాత, "నాకు వినొస్తలేదు" అన్నాడు. గుమ్మంలో ఉన్న అమ్మకు కూడా వినపడేలా అన్నాడు. ఆ శంఖం మాట అమ్మ నోట మళ్లీ నేను వినలేదు.

మర్నాడు తాళంచెవి మేకుకు తగిలించి ప్రెస్సుకు నడిచి వెళ్లాడు. కొన్నాళ్లకు చెవి డాక్టరు వినికిడి మెషిన్ ఇచ్చాడు. మనుషుల మాటలు కొంత తెలిశాయి గానీ, ఇంజిన్ పక్కన కూర్చుంటే డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టుందని తీసి జేబులో వేసుకునేవాడు.

ఆదివారాలు పోతాయనుకున్నాను. కానీ పాత సైలెన్సర్ తిరిగి పెట్టిన మరుసటి ఆదివారమే గేటు దగ్గర "అంకుల్ ఉన్నడా" అని వినపడింది. ఆ హాస్టల్ పెద్దవాడే. నాన్న స్క్రూడ్రైవర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను తిప్పుతుంటే పక్కన గొంతుక్కూర్చుని, ఎప్పటిలాగే తల ఒక పక్కకు వంచాడు. నేను అరచేయి ఎత్తేదాకా అట్లాగే ఉన్నాడు.