దీపం గదికి దారి

“...అటంటే ఎటు బావా? కుడికా, ఎడమకా, పైకా, కిందికా? ఆయన అడిగేది అదేగా!”

“వాటిల్లో ఏదీ కాదనేగా ఇందాకట్నుంచి మొత్తుకుంటున్నాను! ఊదారంగు స్టిక్కరున్న కీ నొక్కమను. నొక్కితే అటు వెళ్తాడు.”

“నొక్కాడు. వెళ్లాడు. మళ్లీ గోడలోనే తేలాడు.”

స్కానింగ్ సెంటర్‌లో డ్యూటీ ముగించుకుని మెట్లెక్కుతున్న ఆమెకు ఈ మాటలు కిందినుంచే వినిపించాయి. చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. ఒకటే గది, రెండు కంప్యూటర్లు. స్క్రీన్ మీద ఎండ పడకుండా కిటికీ అద్దాలకు అట్టముక్కలు అంటించి ఉన్నాయి. కుర్చీలో కింది షాపు కళ్లజోళ్లాయన కూర్చున్నాడు. ఆయన తలమీదుగా ఆమె భర్త, తమ్ముడు వాదించుకుంటున్నారు. మొగుడూ పెళ్లాల గొడవ మధ్య ఇరుక్కున్న చుట్టంలా ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

“వచ్చావా తల్లీ,” అంటూ లేచాడు. “దగ్గర చూపుకీ దూరపు చూపుకీ అద్దాలిస్తాను గానీ, మీ ఆయన చూపుకి సరిపోయే పవర్ నా దగ్గర లేదమ్మా. కళ్లు తిరుగుతున్నాయి.”

గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వెళ్లిపోయాడు.

ఆమె భర్తను ఆ వీధిలో గదులాయన అంటారు. మొదట ఇళ్లకు ప్లాన్లు గీసేవాడు. తర్వాత వీడియో గేములు చేసే కంపెనీలో చేరి కోటలూ సొరంగాలూ కట్టాడు. ఒకరోజు భార్య కోసం స్కానింగ్ సెంటర్‌లో ఎదురుచూస్తూ, స్క్రీన్ మీద ఎవరిదో తల పలచటి ముక్కలుగా ఒకదాని వెనక ఒకటి జారిపోవడం చూశాడు. ఒక చుక్క పుట్టింది, పెరిగి కన్నయింది, కుంచించుకుపోయి మళ్లీ చుక్కయి మాయమైంది. బల్లపరుపు స్క్రీన్ మీద గుండ్రటి తలను ఇలా ముక్కలుగా చూపించగలిగినప్పుడు, నాలుగు కొలతలున్న గదిని మన మూడు కొలతల ముక్కలుగా ఎందుకు చూపించకూడదు? ఆ ప్రశ్న పట్టుకుని ఇంటికొచ్చాడు. కొన్నాళ్లకు ఉద్యోగం వదిలేశాడు.

కంప్యూటర్‌తో పేచీ రాలేదు. వస్తువు ఎక్కడుందో చెప్పడానికి మూడు అంకెలిచ్చే చోట నాలుగిస్తే అది మారుమాట లేకుండా తీసుకుంది. పేచీ అంతా మనుషులతోనే. పొడవు, వెడల్పు, ఎత్తు, వీటిలో దేనితోనూ కలవని ఇంకో దారి ఉందనీ, ఆటలో దాని పేరు ‘అటు’ అనీ అతను చెప్పడం మొదలుపెడితే, విందుల్లో పక్కన కూర్చున్నవాళ్లు మంచినీళ్ల కోసమని లేచి మళ్లీ వచ్చేవాళ్లు కాదు. “బావ పక్కన కూర్చుంటే అన్నం నాలుగు వైపులా చల్లారిపోతుంది,” అనేవాడు బావమరిది.

ఆట మాత్రం చూడటానికి చిన్నదే. తలుపుల్లేని గదులు వరసగా ఉంటాయి, చివరి గదిలో ఒక దీపం ఉంటుంది. దాన్ని చేరాలి, చేరితే గంట మోగుతుంది. ‘అటు’ జరిగితే గోడ పలచనై మాయమవుతుంది, ఇంకెక్కడో కొత్త గోడ మొలుస్తుంది. రెండడుగులు నడిచి మళ్లీ ‘ఇటు’ వస్తే గోడకు అవతల ఉంటాం. మొదటి గదిని అందరూ దాటేవాళ్లు. మూడో గదికొచ్చేసరికి ఎక్కడున్నామో, ఎటు తిరిగి ఉన్నామో ఎవరికీ తెలిసేది కాదు. దీపం దాకా వెళ్లి గంట మోగించింది గదులాయన ఒక్కడే. రోజూ మోగించేవాడు. అతని ధైర్యమంతా ఆ గంటే. నేను చూడగలిగినప్పుడు మనిషన్నవాడెవడైనా చూడగలడు, కాస్త అలవాటు కావాలంతే అనేవాడు.

బొమ్మలు, రంగులు బావమరిదివి. పేకాట గేములు చేసే కంపెనీ ఒకటి అతన్ని రమ్మంది. ఈ సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి. “నువ్వు కాక ఇంకొక్కరు, ఒకే ఒక్కరు దీపం దగ్గరికి వెళ్లనీ బావా. నేనెక్కడికీ పోను,” అన్నాడు పొద్దున. అప్పటినుంచీ మెట్ల మీద అలికిడి వినిపిస్తే చాలు, ఎవర్నో ఒకర్ని పిలిచి కుర్చీలో కూర్చోబెడుతున్నారు. కళ్లజోళ్లాయన తర్వాత ఇంకెవరూ మిగల్లేదు.

“నువ్వు కూర్చో,” అన్నాడు గదులాయన భార్యతో. “రోజూ ముక్కలు చూసేదానివి. నీకు రాకపోతే ఇంకెవరికొస్తుంది?”

“పోయిన నెల కూర్చున్నాగా.”

“అప్పుడు రంగులు సరిగ్గా లేవు. కూర్చో.”

ఆమె చేతిసంచీ కూడా దించకుండా కూర్చుంది. మొదటి గది దాటింది, రెండోది కూడా దాటింది. మూడో గదిలో గోడలు ఆమె చుట్టూ ఉబ్బాయి, తగ్గాయి, చీలాయి. వచ్చిన దారినే పోతున్నాననుకుని ఇంకో గదిలో తేలింది. భర్త వెనక నిలబడి “ఇప్పుడు అటు... అబ్బా, ఇంత తొందరా!” అంటుంటే ఆమె ఊదారంగు కీ బదులు పక్కది నొక్కింది.

“తలలో ఏది ఎక్కడుంటుందో నాకు తెలుసండీ. అందుకే ముక్క చూస్తే అర్థమవుతుంది. ఇదేమిటో నాకు తెలీదుగా,” అంది లేస్తూ.

“నేర్చుకుంటే తెలుస్తుంది! నేను నేర్చుకోలేదా?” గదులాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “చూడు. ఇద్దరూ చూడండి.”

వేళ్లు చకచకా కదిలాయి. గోడలు విచ్చుకున్నాయి. మూడో గది, నాలుగో గది దాటాడు. అతని ముఖంలోకి పొద్దుట్నుంచీ లేని కళ వచ్చింది. బావమరిది స్క్రీన్ వైపు కాకుండా అతని చేతుల వైపు చూస్తున్నాడు.

“బావా, గోడ కదలకముందే నీ వేళ్లు వెళ్లిపోతున్నాయి.”

“అదే అలవాటంటే.”

బావమరిది చెయ్యి చాచి స్క్రీన్ ఆపేశాడు.

“ఏంట్రా ఇది!” అన్నాడు గదులాయన. కానీ వేళ్లు ఆగలేదు. నల్లటి అద్దంలో అతని ముఖమే కనిపిస్తోంది. కీబోర్డు టకటకలాడుతూనే ఉంది. కాసేపటికి గంట మోగింది.

“చూశావా?” అన్నాడు గెలిచినవాడిలా. ఆ మాట నోట్లో ఉండగానే అతని చేతులు కీల మీద బిగుసుకుపోయాయి.

బావమరిది స్క్రీన్ మళ్లీ వేశాడు. దీపం వెలుగుతోంది.

“గదులు పేకముక్కల్లా కలిపెయ్,” అన్నాడు గదులాయన.

“ఇప్పుడొద్దులే బావా.”

“కలిపెయ్ అంటున్నానా!”

ఇన్నేళ్లలో వాళ్లెప్పుడూ గదులు మార్చలేదు. రోజూ ఒకే దారిలో వెళ్లి చూస్తేనే తప్పు ఎక్కడుందో దొరుకుతుందని అతనే పెట్టుకున్న పద్ధతి. బావమరిది అయిష్టంగానే గదుల వరస మార్చి కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

గదులాయన మొదటి గదిని దాటాడు. రెండో గదిలో అటు జరిగాడు. ఎర్రటి గోడ ఒకటి లేచింది. దాన్ని తప్పించుకుని తిరిగితే అదే గోడ పక్కనుంచి వచ్చింది. ఇటు వచ్చాడు. మొదటి గదిలోనే ఉన్నాడు. మళ్లీ వెళ్లాడు. ఈసారి ఎక్కడున్నాడో తెలియలేదు. కళ్లు చిట్లించాడు, స్క్రీన్‌కి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లాడు. “ఇది అటు కదా... అటేగా...” అని గొణుక్కున్నాడు. కళ్లజోళ్లాయన లాగే, భార్య లాగే, వచ్చి కూర్చుని వెళ్లిన అందరి లాగే అతనూ గోడలో తేలాడు. ఊదారంగు కీని నొక్కుతూ పోయాడు. గోడ పెరిగింది, తరిగింది. అది అతనికి గోడలాగే కనిపించింది. అంతకుమించి ఏమీ కనిపించలేదు.

“చాల్లే బావా,” అన్నాడు బావమరిది. గొంతులో వేళాకోళం లేదు. “పొద్దుట్నుంచీ అన్నం తినలేదు నువ్వు. రేపు మళ్లీ చూద్దాం.”

“ఎప్పుడూ చూడలేదురా నేను,” అన్నాడు గదులాయన. “ఒక్కసారి కూడా చూడలేదు.”

భార్య అప్పటికి చేతిసంచీ కింద పెట్టింది. “మీరొక్కరైనా చూస్తున్నారనుకున్నా,” అంది మెల్లగా. నిష్ఠూరంగా అనలేదు. ఆ ఒక్క నమ్మకం మీదే ఆమె కూడా ఇన్నాళ్లూ ఇల్లు నడిపింది.

కింద కళ్లజోళ్లాయన షట్టరు దించుతున్న చప్పుడు వినిపించింది. బావమరిది జేబులోంచి ఫోన్ తీశాడు, అక్క ముఖంలోకి చూశాడు, మళ్లీ జేబులో పెట్టుకోబోయాడు.

“చెయ్,” అన్నాడు గదులాయన. “వస్తున్నానని చెప్పు. వాళ్ల పేకాటలో గదులు కట్టేవాడితో పనేమైనా ఉందేమో అడుగు. నేనూ వస్తాను.”