షికాగోలో తిరగని గ్రైండర్

ఇవాళ సాయంత్రం బడి నుంచి వచ్చి, బూట్లు విప్పుతూనే మా పాప అడిగింది, "అమ్మా, వాట్స్ మై మౌంటెన్?" అని. ఇక్కడ న్యూజిలాండ్ బళ్ళలో పిల్లలకు ఈ నేల మూలవాసులైన మావోరీల పద్ధతిలో తమను తాము పరిచయం చేసుకోవడం నేర్పుతారు. ముందు నా కొండ ఫలానా అనాలి, తర్వాత నా నది ఫలానా, తర్వాత మా పెద్దలు ఫలానా, అన్నిటికన్నా ఆఖరున పేరు. మనం పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు ఏ నదికి ఏ పక్కన కూర్చున్నామో ముందు చెప్పుకుని, ఆ తర్వాత మన సంగతికి వస్తాం కదా, దాదాపు అలాంటిదే. నాన్ననడిగితే అమ్మనడగమన్నారట. నేను వంకాయలు తరుగుతూ, "నీ ఇష్టం అమ్మా, ఏదో ఒకటి రాసుకో" అన్నాను. పాప నడుం మీద చేతులు పెట్టుకుని, "దట్స్ నాట్ యాన్ ఆన్సర్, అమ్మా" అంది. రేపు పొద్దునే క్లాసులో చెప్పాలట. దానికి ఎనిమిదేళ్ళు. మేముండే పామర్‌స్టన్ నార్త్ అరచేయంత చదునుగా ఉంటుంది. కొండ కావాలంటే ఊరి చివరికి వెళ్ళి, గాలిమరలు తిరిగే వైపు తలెత్తాలి. పాప పుట్టింది జర్మనీలో. మా పుట్టింటి నది గోదావరి, ఆయన వైపు నాగావళి. నిజంగానే ఏం చెప్పాలో తోచలేదు. అయితే పిల్ల పడుకున్నాక నన్ను కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నది కొండా కాదు, నదీ కాదు. "నీ ఇష్టం" అన్న నా మాట.

ఐదేళ్ళ పైమాట. అప్పుడు మేం జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఉండేవాళ్ళం. ఆక్లాండ్‌లో ఉండే మా అక్కకు రెండో కాన్పు. అమ్మకు సరిగ్గా అదే నెలలో కళ్ళ ఆపరేషన్ పడింది. దాంతో పురిటి చాకిరీకి నేనే రెండున్నరేళ్ళ పాపను చంకనేసుకుని, రెండు విమానాలు మారి, ఆక్లాండ్ శివార్లలో ఫ్లాట్ బుష్ అనే పేటలో అక్క వాళ్ళింట్లో దిగాను. జర్మనీలో ఎండలు వదిలి ఇక్కడి చలికాలంలోకి వచ్చాను. ఆ వీధిలో ఇళ్ళన్నీ కొత్తవి, అన్నీ ఒకే బూడిద రంగు. మొదటి వారంలో పాపను తిప్పడానికి తీసుకెళ్ళి, తిరిగొచ్చి పక్కింటి తలుపులో తాళం పెట్టి తిప్పాను కూడా. నేను వచ్చిన నాలుగో రోజున మావారు ఫోన్ చేసి, ఆఫీసువాళ్ళు షికాగో వెళ్ళమంటున్నారని, జవాబుకు మూడు వారాలు గడువిచ్చారని చెప్పారు.

షికాగో అంటే ఆ రోజుల్లో మా బంధువుల్లో ఎవరికీ రెండో మాట ఉండేది కాదు. యూరప్‌లో ఉన్నామంటే, "అక్కడ ఏం చేస్తున్నారర్రా?" అని, ఏదో బస్సు తప్పిపోయి ఆగిపోయిన వాళ్ళను అడిగినట్టు అడిగేవారు. నా చిక్కు వేరే. పెళ్ళయి జర్మనీ వెళ్ళాక రెండేళ్ళ పాటు, మొదట కడుపుతోనూ తర్వాత పిల్లను ఒళ్ళో పెట్టుకునీ, జర్మన్ నేర్చుకున్నాను. ఒకసారి పరీక్ష తప్పాను కూడా. చివరికి నీళ్ళు పరీక్షించే ఒక ల్యాబ్‌లో సెప్టెంబరు నుంచి చేరమని ఉత్తరం వచ్చింది. షికాగో వెళితే, ఆయన వీసా మీద వెళ్ళే నాకు అక్కడ ఉద్యోగం చేసే వీలు లేదు. ఎన్నాళ్ళు లేదో కూడా ఎవరూ చెప్పలేరు. ఆ ఉత్తరం ఫొటో తీసి ఫోన్లో పెట్టుకున్నాను. పాలు కాగే లోపు ఒకసారి, గుడ్డలు ఆరేసి వచ్చి ఒకసారి తీసి చూసుకునేదాన్ని. ఎవరైనా అడిగితే మాత్రం, "ఆఁ, చిన్న ఉద్యోగమేలెండి" అనేదాన్ని. ఆయనతోనూ అలాగే అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. మన మాట మనమే తగ్గించి చెబితే ఎదుటివాళ్ళు పెంచి వింటారని ఆశేమో.

మా బావగారు సందేహాన్ని సహించే మనిషి కాదు. చదువుకోవడానికి ఈ దేశం వచ్చి, రాత్రి పెట్రోల్ బంకుల్లో పనిచేసి నిలదొక్కుకున్నవారు. ఆ వారాంతంలోనే కంప్యూటర్లో ఒక పట్టిక తయారుచేశారు. ఒక పక్క స్టుట్‌గార్ట్, ఒక పక్క షికాగో. బడులు, చలి, గుడులు, ఇండియన్ షాపులు, తెలుగువాళ్ళు, అన్నిటికీ పదికి ఇన్నని మార్కులు. "చూడు మరదలా, లెక్క తేలిపోయింది. షికాగో ఆరు మార్కుల తేడాతో గెలిచింది" అన్నారు. చలికి రెంటికీ సమానంగా ఎలా వేశారని నేనడిగాను. "చలి చలే కదా" అన్నారు. మంచం మీంచి అక్క, "దాని ఉద్యోగానికి వరసేదండీ అందులో?" అంది. బావగారు నా వైపు చూశారు. నేను అలవాటుగా, "చిన్న ఉద్యోగమేలెండి" అన్నాను. ఆయన సరేనని, ఆ వరస చేర్చకుండానే పట్టిక మూసేశారు. ఆఖరున నవ్వుతూ ఒక మాటన్నారు: "ఒక్కటే చిక్కు. నీ గ్రైండర్ అక్కడ తిరగదు. వాళ్ళ కరెంటు వేరు."

ఆ గ్రైండర్ నా పెళ్ళి సామాన్లలోది. పప్పు రుబ్బే రాతి గ్రైండర్‌ను హైదరాబాద్ నుంచి స్టుట్‌గార్ట్‌కు సూట్‌కేసులో, చీరల మధ్య పెట్టి తీసుకెళ్ళాను. విమానాశ్రయంలో ఆ రాళ్ళేమిటో చెప్పలేక, గాల్లో చేత్తో దోసె తిప్పి చూపించాను. జర్మనీలో మన కరెంటే. ఆదివారం ఉదయం అది గుర్రుమంటుంటే కింది అంతస్తు ముసలామె మొదట్లో చీపురు కర్రతో పైకప్పు పొడిచేది. ఒకసారి ఇడ్లీలు పట్టుకెళ్ళి ఇచ్చాక పొడవడం మానేసింది. ఇప్పుడా గ్రైండర్ కూడా లెక్కలోకి వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే గుబులు పుట్టింది.

పక్కింటి ఆంటీ మా కథలోకి పొగ వల్ల వచ్చారు. బిడ్డకు నీళ్ళు పోశాక సాంబ్రాణి వెయ్యకపోతే జలుబు చేస్తుందని అమ్మ ఫోన్లో రోజూ హెచ్చరిస్తుండేది. ఊళ్ళో పెరటి వాకిట్లో వేసే పొగను నేను ఫ్లాట్ బుష్‌లో, కిటికీలన్నీ బిగించిన పడగ్గదిలో వేశాను. ఇంట్లో ఉన్న పొగ అలారాలన్నీ ఒక్కసారి కూత అందుకున్నాయి. చెవులకు గుడ్డ కట్టుకున్న అక్క బిడ్డను గుండెకదుముకుంది. బావగారు కుర్చీ ఎక్కి, ఇంటి కప్పు కింద తువ్వాలు విసురుతున్నారు. మా పాప వాళ్ళ జర్మన్ బడిలో నేర్పినట్టు బుద్ధిగా వెళ్ళి తలుపు దగ్గర వరసలో నిలబడింది, వరసలో అదొక్కతే. అప్పుడు పక్కింటి నుంచి ఒక పెద్దావిడ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, ముక్కు ఎగబీల్చి, "అరే, సాంబ్రాణి!" అని అక్కడే మెట్ల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ ఫిజీ నుంచి వచ్చిన తెలుగువారు. చెరకు తోటల్లో పనికి ఓడెక్కించి తీసుకెళ్ళిన వాళ్ళవ్వ దగ్గర నేర్చుకున్న కాస్త తెలుగు, దాని మీద హిందీ, ఆ పైన ఇంగ్లీషు. ఆ వాసన వాళ్ళవ్వ పోయాక మళ్ళీ ఇప్పుడే పీల్చానన్నారు. మర్నాటి నుంచి పొగ వేసే వేళకు వచ్చి, తలుపులు తెరిచే డ్యూటీ ఆవిడే తీసుకున్నారు.

ఆ పొగ వేళే మావారి ఫోన్ వేళ కూడా. నాకు ఉదయం ఎనిమిది, ఆయనకు ముందు రోజు రాత్రి పది. నా రోజు మొదలయ్యేది, ఆయన రోజు అయిపోయేది. రోజూ అదే ప్రశ్న. "ఏమంటావు మరి?"

"మీ ఇష్టమండీ."

"నీకేం అభ్యంతరం లేదుగా?"

"నాకేముంది, మీరెక్కడుంటే మేమక్కడ."

మా అమ్మ ఇలాగే అనేది. అని, ఆ తర్వాత రెండు రోజులు గిన్నెలు గట్టిగా పెట్టేది. నాన్న ఆ చప్పుడు విని అసలు జవాబు గ్రహించేవారు. నేనూ అదే పద్ధతి నమ్ముకున్నాను. అయితే నా గిన్నెలు ఆక్లాండ్‌లో, వినాల్సిన మనిషి భూమికి అవతలి వైపు. మూడు వారాలూ దాదాపు అలాగే గడిచాయి. ఆంటీ ఒక రోజు ఆ మాటలు విని, ఫోన్ పెట్టేశాక నా పక్కన కూర్చున్నారు. "బేటీ, మా అవ్వని ఎవరు అడిగినారు? ఓడ ఎక్కు అన్నారు, ఎక్కింది. నన్ను ఎవరు అడిగినారు? ఫిజీలో గలాటా అయింది, రెండు బ్యాగులు తీస్కొని వచ్చినా. నిన్ను డైలీ అడుగుతా ఉన్నాడు గదా! నోరు ఉంది గదా నీకు?" అన్నారు. నాకు రోషం వచ్చింది. ఆవిడకేం తెలుసనుకున్నాను. పైగా, నోరు తెరిస్తే ఏం రావాలో నాకే తెలియదు. ల్యాబ్ కావాలి. కానీ నా ఒక్కదాని కోసం ఆయన పెద్ద అవకాశం వదులుకుంటే ఆ బరువు మొయ్యగలనా? పాపకు ఏది మంచిది? రోజుకో జవాబు తోచేది, సాయంత్రానికి పాచిపోయేది.

గడువుకు రెండు రోజుల ముందు ఆయన వీడియో కాల్ చేశారు. వంటింట్లో ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి కాఫీ కలుపుకుంటున్నారు. ఆయన భుజం వెనక గట్టు మీద తెల్లటి గుండ్రటి మచ్చ కనిపించింది. ఏళ్ళ తరబడి ఏదో పెట్టి ఉంచి తీసేసిన చోటు.

"గ్రైండరేదండీ?"

"పైనుండే బ్యాచిలర్లకిచ్చేశా. అక్కడ తిరగదు కదా. ఏం సంబరపడ్డారో!"

"నన్నడక్కుండా ఎలా ఇచ్చారు?"

"అడక్కుండానా? మూడు వారాలుగా రోజూ అడుగుతూనే ఉన్నాను కదా!"

ఏడుపు తన్నుకొచ్చింది. అక్క మంచం మీంచి, "ఒసేయ్, గ్రైండర్ కోసమేనా? నేనొకటి కొనిస్తాలే" అంది. ఆంటీ నా చేతిలోంచి సాంబ్రాణి గిన్నె తీసుకున్నారు. చేతులు ఖాళీ అయ్యాయి. "ఆ ల్యాబ్‌లో నేను చేరాలి. చిన్న ఉద్యోగం కాదది. నాకు చేరాలనుంది" అన్నాను. అనేశాక నాకే భయం వేసింది.

ఆయన కాఫీ చెంచా తీసి పక్కన పెట్టారు. తర్వాత, "ఈ మాట చెప్పడానికి న్యూజిలాండ్ దాకా వెళ్ళాల్సి వచ్చిందా?" అన్నారు. కప్పు కూడా పక్కన పెట్టి, "నిజం చెప్పనా? నాకూ వెళ్ళాలని లేదు. నీ స్నేహితులంతా అమెరికాలో ఉన్నారు, నీకిష్టమేమో అనుకున్నా" అన్నారు. అక్కడికక్కడే పై అంతస్తుకు వెళ్ళారట. బ్యాచిలర్లు అప్పటికే పప్పు నానబోసుకున్నారు. సగంలో లాక్కురావడం న్యాయం కాదని, ఆ రాత్రి రుబ్బడం అయ్యేదాకా వాళ్ళ సోఫాలో కూర్చుని, గ్రైండర్‌తో పాటు ఒక గిన్నెడు పిండి కూడా పట్టుకొచ్చారు. షికాగోకు ఆయన బదులు ఆయన స్నేహితుడు వెళ్ళాడు.

ఆ ల్యాబ్‌లో రెండున్నరేళ్ళు పనిచేశాను. ఆ అనుభవం మీదే ఇక్కడ పాలపొడి పరీక్షించే చోట ఉద్యోగం దొరికింది. బావగారు స్టుట్‌గార్ట్‌కూ షికాగోకూ మార్కులు వేస్తున్నప్పుడు, మేం కూర్చుని ఉన్న దేశానికి ఆ పట్టికలో చోటే లేదు. ఇక్కడికి వచ్చే విషయంలో ఈసారి ఆయన "ఏమంటావు?" అన్నప్పుడు "వెళ్దాం" అని స్పష్టంగా చెప్పాను. చెప్పాక తెలిసింది, స్పష్టంగా చెప్పినంత మాత్రాన సందేహం పోదని. ఇక్కడ ఆయన ఉద్యోగం జర్మనీలో దానికన్నా ఒక మెట్టు కిందే. షికాగో స్నేహితుడు మంచులో పిల్లలతో దిగిన ఫొటో పెడితే, ఆయన దాన్ని మిగతా వాటికన్నా కాస్త ఎక్కువసేపు చూస్తారు. "నాకూ వెళ్ళాలని లేదు" అని ఆ రోజన్నది నిజమో, నా ఏడుపు చూసి అన్నదో నేనడగలేదు. అడిగితే నవ్వేసి గ్రైండర్ కథలోకి తీసుకెళతారని తెలుసు.

ఆ గ్రైండర్ ఇప్పుడీ వంటింట్లో గట్టు మీద ఉంది. పక్కనే ఫ్రిజ్ తలుపుకు పాప కాగితం అయస్కాంతంతో అతికించి ఉంది: నా కొండ, ఖాళీ. నా నది, ఖాళీ. రేపు పొద్దున పాప లేవగానే, గోదావరి నాకెందుకిష్టమో, స్టుట్‌గార్ట్ నది ఒడ్డున దాన్ని బండిలో తోస్తూ జర్మన్ మాటలు ఎలా వల్లించానో, గాలిమరల కొండ కనిపిస్తే ఇల్లు దగ్గర పడిందని నాకెలా అనిపిస్తుందో, నా వంతు నేను చెప్పాలి. ఆ తర్వాత ఏది రాసుకుంటుందో అప్పుడు నిజంగానే దాని ఇష్టం. ఇందులో ఏది ముందు చెప్పాలో మాత్రం ఇంకా తేలలేదు. షికాగో సంగతికి ఆఫీసువాళ్ళు మూడు వారాలిచ్చారు, పాప ఒక్క రాత్రిచ్చింది. వయసు పెరిగేకొద్దీ సందేహాలు తగ్గుతాయనుకునేదాన్ని, తగ్గుతున్నది గడువే.